పాత ఇల్లు, చల్లని కప్పు, సున్నా బిల్లు – గృహజ్యోతి లబ్ధిదారులకు ఒక పాఠం

ఈ పాఠం ఎవరి కోసం?

తెల్ల రేషన్ కార్డు ఉండి, గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు పొందుతున్న కుటుంబాల కోసం. అందులోనూ పది, ఇరవై ఏళ్ల కింద కట్టుకున్న ఇళ్లలో ఉంటున్న వాళ్ల కోసం. స్లాబు ఉరుస్తోందా? ఎండాకాలం ఇల్లు పొయ్యిలా ఉంటోందా? గోడలు పెచ్చులూడుతున్నాయా? పండక్కి రంగులు వేయిద్దామని అనుకుంటున్నారా? అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక్క పది నిమిషాలు ఇది చదవండి.

ముందు ఒక లెక్క

2024 మార్చి నుంచి మన రాష్ట్రంలో గృహజ్యోతి జీరో బిల్లులు వస్తున్నాయి. చాలామంది మర్చిపోయే నియమం ఒకటుంది. నెలలో వాడకం 200 యూనిట్లు దాటితే, దాటిన యూనిట్లకే కాదు, ఆ నెల మొత్తం బిల్లు మనమే కట్టాలి.

ఒక ఇల్లు అనుకుందాం. మే నెల. ఇంట్లో పాత ఫ్యాన్లు రెండు, పాత ట్యూబ్‌లైట్లు మూడు, ఫ్రిజ్, కూలర్, టీవీ, నీళ్ల మోటారు ఉన్నాయి.

• ఫ్యాన్లు 2 (ఒక్కోటి 75 వాట్లు, రోజుకు 16 గంటలు): నెలకు 72 యూనిట్లు
• ట్యూబ్‌లైట్లు 3 (చోక్‌తో కలిపి ఒక్కోటి 50 వాట్లు, 5 గంటలు): 22 యూనిట్లు
• ఫ్రిజ్: 36 యూనిట్లు
• కూలర్ (180 వాట్లు, 10 గంటలు): 54 యూనిట్లు
• టీవీ: 10 యూనిట్లు
• మోటారు: 8 యూనిట్లు
• మిక్సీ, ఫోన్ చార్జింగ్ వగైరా: 6 యూనిట్లు

మొత్తం 208 యూనిట్లు. దాటింది ఎనిమిదే యూనిట్లు. కానీ 200 దాటిన శ్లాబులో మొదటి 200 యూనిట్లకు యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆ పైన 7 రూపాయల 70 పైసలు. అంటే సుమారు 1,080 రూపాయలు, దానిపైన ఫిక్స్‌డ్ చార్జీలు. ఎనిమిది యూనిట్ల కోసం వెయ్యికి పైగా పోయింది! మార్చి నుంచి జూన్ దాకా ఇలాగే జరిగితే నాలుగు వేలు దాటుతుంది.

పాత ఇంటిని బాగు చేయడం అంటే అందం ఒక్కటే కాదు. ఇల్లు చల్లబడితే కూలర్ తక్కువ తిరుగుతుంది, కూలర్ తగ్గితే జీరో బిల్లు నిలబడుతుంది.

ఏ పని ముందు, ఏ పని తర్వాత?

చాలామంది ముందు గోడలకు రంగు వేయిస్తారు. వానాకాలం రాగానే స్లాబు నీళ్లు గోడలోకి దిగి, కొత్త రంగు పొక్కులు లేచి ఊడిపోతుంది. డబ్బు దండగ. వరస ఇదీ:

1. నీళ్లు ఆపాలి.
2. వేడి ఆపాలి.
3. కరెంటు తగ్గించాలి.
4. ఆఖరున అలంకరణ.

మెట్టు 1: నీళ్లు ఆపడం

మొదట డాబా ఎక్కి ఊడ్చండి. పాకుడు, ఎండుటాకులు తీసేయండి. నీళ్లు పోయే గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. సగం లీకులు ఇక్కడే ఉంటాయి. తర్వాత రెండు బకెట్ల నీళ్లు పోసి చూడండి. నీళ్లు గొట్టం వైపు పోవాలి. మధ్యలో నిలిచిపోతే వాటం సరిగా లేదని అర్థం.

సన్నటి నెర్రెలుంటే పైపైన సిమెంటు పూస్తే లాభం లేదు. మేస్త్రీతో నెర్రెను కొంచెం వెడల్పు చేయించి, దుమ్ము కడిగించి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటు మాలుతో నింపించాలి. స్లాబు, పిట్టగోడ కలిసే మూలలోనే నీళ్లు ఎక్కువగా దిగుతాయి. అక్కడ మూల గుండ్రంగా వచ్చేలా మాలు పెట్టించండి.

పని ఆరాక గొట్టం మూసి, డాబా మీద అంగుళం నీళ్లు ఒక రోజు నిలబెట్టండి. కింద చెమ్మ రాకపోతేనే మేస్త్రీకి మిగతా డబ్బులు ఇవ్వండి.

జాగ్రత్త: లోపలి పైకప్పు పెచ్చులూడి ఇనుప సలాకలు కనిపిస్తుంటే, తుప్పు పట్టి ఉంటే, దాని మీద ప్లాస్టరింగ్ చేయించి కప్పేయకండి. లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది, ఒక రోజు పెచ్చు మంచం మీద పడుతుంది. ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి. ఇంజినీరుకు చూపించాకే మిగతా పని. అలాంటి స్లాబు మీద నీళ్లు నిలబెట్టడం, ట్యాంకు, సోలార్ పలకలు పెట్టడం అసలు వద్దు.

మెట్టు 2: వేడి ఆపడం

నల్లబడిన స్లాబు పగలంతా ఎండను తాగి, రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. అందుకే రాత్రి పది దాటినా ఫ్యాన్ కింద వేడి గాలే వస్తుంది. తెల్లని కప్పు ఎండను తిప్పి కొడుతుంది. దీన్నే కూల్ రూఫ్ అంటారు. 2017లో హైదరాబాద్‌లో ఒక బస్తీలోని ఇళ్ల మీద తెల్లని పొర వేసి చూస్తే, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 చదరపు గజాల లోపు స్థలంలో కట్టుకున్న ఇళ్లకు ఇది తప్పనిసరి కాదు, ఇష్టం. కానీ లాభం మాత్రం చిన్న ఇళ్లకే ఎక్కువ, ఎందుకంటే అక్కడ స్లాబు నేరుగా తల మీదే ఉంటుంది.

రెండు దారులున్నాయి.

సున్నం: అన్నిటికంటే చవక. సున్నాన్ని ముందు రోజే నానబెట్టి, గుడ్డతో వడగట్టి, కొద్దిగా బంక కలిపి, పలుచటి మజ్జిగలా చేసుకుని రెండు మూడు పూతలు వేయాలి. ఒక పూత ఆరాకే ఇంకోటి. వానకు కొంత కొట్టుకుపోతుంది కాబట్టి ప్రతి ఏడాది ఫిబ్రవరి, మార్చిలో మళ్లీ వేయాలి. ఇంట్లోవాళ్లే వేసుకోవచ్చు.

కూల్ రూఫ్ పెయింటు: ఖరీదు ఎక్కువ, కానీ కొన్నేళ్లు ఉంటుంది. డబ్బా మీద ఎస్ఆర్ఐ అనే అంకె చూడండి. ఎంత ఎక్కువ ఉంటే అంత చల్లన. వారంటీ కాగితం, బిల్లు దాచుకోండి.

సున్నంతో జాగ్రత్త: రాతి సున్నం నీళ్లలో వేస్తే సలసల మరుగుతుంది. ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. కంట్లో పడితే వెంటనే చాలాసేపు నీళ్లతో కడిగి ఆస్పత్రికి వెళ్లండి. పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.

పడమటి గోడను కూడా మర్చిపోకండి. మధ్యాహ్నం ఎండ అంతా దానికే తగులుతుంది. ఆ వైపు పందిరి వేసి చిక్కుడు, బీర తీగ పాకించినా, కిటికీకి వెదురు తడక కట్టినా గది చల్లబడుతుంది.

మెట్టు 3: కరెంటు తగ్గించడం

పాత ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఉంటుంది, గాలి అంతే ఇస్తుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి. ఎక్కువ స్టార్లుంటే తక్కువ కరెంటు. అయిదు స్టార్ల ఫ్యాన్ సుమారు 2,500 నుంచి 3,500 రూపాయలు ఉంటుంది. ఒకేసారి రెండూ కొనలేకపోతే, రాత్రంతా తిరిగే ఫ్యాన్ ముందు మార్చండి.

పైన చెప్పుకున్న ఇంటికే లెక్క వేద్దాం. ఫ్యాన్లు రెండూ మారిస్తే 43 యూనిట్లు తగ్గుతాయి. ట్యూబ్‌లైట్ల బదులు 20 వాట్ల ఎల్ఈడీలు పెడితే ఇంకో 13. కప్పు చల్లబడి కూలర్ 10 గంటల బదులు 7 గంటలు తిరిగితే మరో 16. మొత్తం 72 తగ్గి, 208 కాస్తా 136 అవుతుంది. మే నెలలో కూడా జీరో బిల్లే. ఫ్యాన్ల ఖర్చు రెండు ఎండాకాలాల్లో తిరిగొస్తుంది.

రూపాయి ఖర్చు లేని పని కూడా ఉంది. 200 యూనిట్లను 30 రోజులతో భాగిస్తే రోజుకు ఆరున్నర యూనిట్లు. రీడింగ్ తీసిన రోజు మీటరు అంకె క్యాలెండర్ మీద రాసుకోండి. 15వ రోజు మళ్లీ చూడండి. 100 దాటితే మిగతా పదిహేను రోజులు జాగ్రత్త పడొచ్చు. బిల్లు చేతికొచ్చాక ఏం చేసినా లాభం లేదు.

సోలార్ పెట్టించాలా?

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి కప్పు మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇస్తోంది. 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆ పైన ఎంత పెట్టినా 78,000 రూపాయలు. కిలోవాట్‌కు సుమారు 10 చదరపు మీటర్ల నీడ పడని జాగా కావాలి. నెలకు 100 నుంచి 120 యూనిట్ల దాకా వస్తుంది.

కానీ నిజాయితీగా చెప్పాలంటే, మీకు ఏడాది పొడుగునా జీరో బిల్లే వస్తుంటే సోలార్‌తో మిగిలేది పెద్దగా ఉండదు. అప్పు చేసి పెట్టించకండి. ప్రతి నెలా 200 దాటి బిల్లు కడుతున్నవాళ్లు మాత్రం ఆలోచించాలి. అదీ ఫ్యాన్లు, లైట్లు మార్చాక, స్లాబు గట్టిగా ఉందని తేలాక.

సబ్సిడీ డబ్బు ప్లాంటు పెట్టి, నెట్ మీటరు బిగించాక నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. "సబ్సిడీ ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు పోయిందా, వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మెట్టు 4: ఇప్పుడు అలంకరణ

పాత రంగు గీకే ముందు ఆగండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే నియమం 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన తలుపుల, కిటికీల రంగుల్లో సీసం ఎక్కువ ఉండొచ్చు. పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోయి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. తడిపి గీకండి, ముక్కుకు మాస్కు కట్టుకోండి, గర్భిణులను, పిల్లలను ఆ రోజులు వేరే ఇంట్లో ఉంచండి. దుమ్ము ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి.

మట్టి గోడల ఇళ్లకు సిమెంటు పూత, ఆయిల్ పెయింటు వేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ పాడవుతుంది. వాటికి సున్నమే మంచిది. అరుగుకు, గడపకు మన పెద్దలు వేసిన జాజు, దాని మీద తెల్లటి ముగ్గు గీతలు ఇప్పటికీ ఎంత కళగా ఉంటాయో మీకు తెలియంది కాదు. గదుల్లోపల లేత రంగులు వేయండి. పగలు లైటు వేయాల్సిన పని తగ్గుతుంది. పాత టేకు తలుపులు అమ్మేయకండి. గీకి నూనె పట్టిస్తే కొత్తవాటికంటే గట్టిగా ఉంటాయి.

డాబా మీది నీళ్లను ఇంకుడు గుంతకు మళ్లించండి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. 50 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదిలో 800 మిల్లీమీటర్లు కురిస్తే 40,000 లీటర్లు. గుంత పునాదికి పది అడుగుల దూరంలో, సెప్టిక్ ట్యాంకుకు దూరంగా ఉండాలి.

మీరు అడిగే ప్రశ్నలు

మాది సిమెంటు రేకుల ఇల్లు. సున్నం వేయొచ్చా?
వేయొచ్చు. కానీ పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం. వాటిని గీకకండి, కోయకండి, రంధ్రాలు చేయకండి. మెల్లగా నీళ్లు చల్లి పూత వేయండి. రేకు మీద నేరుగా నిలబడకండి, విరుగుతుంది. పక్కన నిచ్చెన వేసుకుని పొడుగు కర్ర కుంచెతో వేయండి. ఆ కప్పు మీది వాన నీళ్లు తాగడానికి వాడకండి.

మేము కిరాయికి ఉంటున్నాం. ఏం చేయొచ్చు?
ఫ్యాన్లు, ఎల్ఈడీలు మీవే, ఇల్లు మారితే తీసుకెళ్లొచ్చు. సున్నం ఖర్చు సగం పెట్టుకుందామని ఓనరును అడిగి చూడండి. స్లాబు పాడవకుండా ఉండటం వాళ్లకూ లాభమే.

200 యూనిట్ల లోపే వాడాం, అయినా బిల్లు వచ్చింది.
రేషన్ కార్డు, మీటరు నంబరు సరిగా కలిసాయో లేదో మండల పరిషత్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో చూపించుకోండి. మీటరు మీద అనుమానముంటే 1912కి ఫోన్ చేయండి.

గుర్తుంచుకోండి

• ముందు నీళ్లు, తర్వాత వేడి, తర్వాత కరెంటు, ఆఖరున రంగు.
• సలాకలు కనిపిస్తే కప్పేయొద్దు, ఇంజినీరుకు చూపించాలి.
• 15 రోజులకు 100 యూనిట్లు దాటకూడదు.
• పాత రంగును పొడిగా గీకొద్దు.
• ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు.

ఈ పీడీఎఫ్‌ను మీ మహిళా సంఘం గ్రూపులో, వాడకట్టు గ్రూపులో పంపండి. చదవడం రాని పెద్దవాళ్లు ఉంటే, మీరు చదివి వినిపించండి.