గంపలు ఎత్తినవారెవరు?

చదువవలసిన భాగములు: యోహాను 6:1–13, లేవీయకాండము 6:8–11, నెహెమ్యా 3:13, 14



ఈ నెల పాఠమునకు మేము ఎంచుకొనిన విషయము చెత్త. ఈ మాట చదువగానే, "ఇది పంచాయితీవారు చూచుకొనవలసిన సంగతి గదా, సంఘపత్రికలో దీనికేమి పని?" అని కొందరు అనుకొనవచ్చును. అయితే మనుష్యుని మనస్సు పెద్ద మాటలలో కంటె చిన్న పనులలోనే ఎక్కువగా బయలుపడును. చాక్లెట్టు విప్పిన చెయ్యి ఆ కాగితమును ఏమి చేయుచున్నది? టీ త్రాగిన కప్పు ఎచ్చట పడుచున్నది? మిగిలిన అన్నము కవరులో ముడివేసి గోడ అవతలకు ఎందుకు విసరుచున్నాము? ఈ ప్రశ్నలకు జవాబు వెదకినయెడల, పొరుగువానిని గూర్చి మనము నిజముగా ఏమి తలంచుచున్నామో తెలియును.

1. అలవాటు పాతది, వస్తువు క్రొత్తది

మన పెద్దలు మురికిని ప్రేమించినవారు కారు. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లిన ఇండ్లలోనే మనము పెరిగితిమి. వారును విందు ముగిసిన వెంటనే విస్తళ్లు తీసి పెంటకుప్ప మీద పారవేసిరి. అయితే ఆ విస్తరి మోదుగాకులతోనో అడ్డాకులతోనో పుల్లలు గుచ్చి కుట్టినది. మిగిలిన మెతుకులు కోళ్లు తినెను, ఆకులు పేడతో కలిసి మ్రగ్గెను. వేసవిలో ఆ పెంటనే బండ్లకెత్తి పొలమునకు తోలిరి. కొట్టువాడు ఉప్పును బెల్లమును కాగితపు పొట్లములో కట్టి ఇచ్చెను. నూనెకు సీసా మనమే తీసికొని పోతిమి. ఆ దినములలో పారవేయుట అనగా భూమిది భూమికి తిరిగి ఇచ్చుటయే.

నేడు చెయ్యి అదే, విసరుట అదే. వస్తువు మాత్రము మారినది. చిప్సు పొట్లము అనేక పొరలు కలిపి చేసినది. పాత సామానులు కొనువాడు కూడ దానిని ముట్టడు. కాగితపు కప్పు అని మనము పిలుచు దానికి లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉన్నది. అది లేనియెడల వేడి టీకి కాగితము మెత్తబడి కారిపోవును. మోదుగాకు పెంటలో మ్రగ్గి ఎరువగును. ప్లాస్టిక్ సంచి ఎండకు చిరిగి తునకలగును, ఆ తునకలు ఇంకను చిన్నవగును గాని అవి ఎరువు కావు. గనుక "మా తాతయు ఇట్లే పారవేసెను" అను మాట నేడు చెల్లదు.

ఒక చిన్న లెక్క వేసికొందము. 100 మంది కూడిన ప్రేమవిందులో ఒక్కొక్కరికి ఒక ప్లేటు, ఒక కప్పు, ఒక నీళ్ల ప్యాకెట్టు ఇచ్చినయెడల 300 వస్తువులు నేల మీద మిగులును. నెలకొక విందు చొప్పున ఏడాదికి 3,600. ఇది ఒక్క చిన్న సంఘము మాట. సువార్త కూటముల పందిరి క్రింద, పెండ్లి పందిళ్లలో, తిరునాళ్లలో పోగగునది వేరు.

2. పారవేసినది ఎచ్చటికి పోవును?

చేతినుండి జారగానే దాని పని ముగిసినదని మనము తలంచుదుము. అప్పుడే దాని పని మొదలగును.

అది పశువు కడుపులోనికి పోవును. ముడివేసిన కవరులో అన్నపు వాసన ఆవునకు తెలియును గాని ముడి విప్పుట దానికి తెలియదు. అన్నముతో కూడ కవరును మ్రింగును. నెమరువేయు పశువు కడుపులో నాలుగు గదులున్నవి. మొదటి పెద్ద గదిలో ఈ సంచులు ఉండలుగా చుట్టుకొని నిలిచిపోవును. అరుగవు, ముందుకు సాగవు. పశువు మేత మానును, కడుపు ఉబ్బును, పాలు తగ్గును. పశువుల డాక్టరు ప్రక్క కోసి తీయుట తప్ప వేరు మార్గము ఉండదు. ఒక విధవరాలి జీవనమంతయు ఒక గేదె మీద ఆధారపడి యున్నప్పుడు, మనము విసరిన కవరు ఆమె కుండను పగులగొట్టుచున్నది.

అది దోమకు ఇల్లగును. డెంగ్యూ జ్వరమును మోయు దోమకు చెరువు అక్కరలేదు. కొబ్బరిచిప్పలోని వాననీరు, పాత టైరులోని నీరు, పారవేసిన కప్పులోని గుక్కెడు నీరు దానికి చాలును. వెచ్చని దినములలో గ్రుడ్డు దోమయగుటకు ఏడు నుండి పది దినములు పట్టును. నీరు ఎండినను ఆ గ్రుడ్లు పాత్ర అంచున అంటుకొని నెలల తరబడి బ్రదికియుండి, మరల వాన పడగానే లేచును. ఆ దోమ పగటివేళ కుట్టును. ఎవరి కప్పులో పుట్టినదో ఆ ఇంటివారినే కుట్టవలెనను నియమము దానికి లేదు.

అది కాలువలోనికి పోవును. తూము నోటికి అడ్డుపడి, క్రింది చేనికి నీరు అందకుండ చేయును. వానకాలములో అదే తూము పొంగి పల్లపు ఇండ్లలోనికి మురుగును త్రోయును. పల్లములో ఇల్లు కట్టుకొనినవాడు ధనవంతుడు కాడని మనకు తెలియును.

"అయితే కాల్చివేయుదము" అని కొందరందురు. ప్లాస్టిక్ పొగ గాలిలో కలియునే గాని మాయము కాదు. పండుగకు కట్టిన ఫ్లెక్సీ బ్యానర్లు, పాత తీగెల తొడుగులు పి.వి.సి. అను పదార్థముతో చేసినవి; వాటిని కాల్చినప్పుడు డయాక్సిన్ అను విషము పుట్టును. ఆ పొగను ముందుగా పీల్చునది ప్రక్కింటి ఉయ్యాలలోని బిడ్డ.

3. "ఎవరో ఎత్తుదురు"

ఇంత తెలిసియు మనమెందుకు పారవేయుచున్నాము? తెలియక కాదు. మన ఇంటి గడప లోపల ఒక్క కాగితమును ఉండనియ్యము. గడప దాటినంతనే చెయ్యి వదలిపెట్టుచున్నది. "ఎవరో ఎత్తుదురు" అను తలంపు ఆ చేతి వెనుక ఉన్నది. ఆ 'ఎవరో' ఎవరని మనలను మనము అడుగుకొనవలెను.

మన దేశములో ఈ ప్రశ్నకు వందల ఏండ్లుగా ఒక చెడ్డ జవాబు ఉన్నది. ఊరి మురికిని ఎత్తుటకు, చచ్చిన పశువును మోయుటకు కొందరు పుట్టియున్నారని పెద్దకులములవారు చెప్పిరి. మన సంఘములలో అనేకుల తాతముత్తాతలు ఆ వెట్టి చేసినవారే. అంటరానితనము 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగముచేత రద్దాయెను. 1955 నాటి చట్టమును 1976లో సవరించినప్పుడు, అంటరానితనము పేరిట ఒకనిచేత బలవంతముగా ఊడ్పించుటయు, పశువు కళేబరమును ఎత్తించుటయు నేరమని స్పష్టముగా చేర్చిరి. చట్టము బలవంతమును తీసివేసెను. అయినను నేటికిని చాల ఊళ్లలో చెత్తదిబ్బ ఎవరి పేట ప్రక్కన ఉన్నదో వెళ్లి చూడుడి.

ఇచ్చట ఒక పెద్దమనిషి న్యాయముగా అడుగవచ్చును: "అయ్యగారూ, మా తాతలచేత బలవంతముగా ఎత్తించిరి. బడికి పోయి, కష్టపడి, మేము ఆ పని విడిచితిమి. మరల మమ్మును చెత్త ఎత్తుమని చెప్పుచున్నారా?" ఈ మాటను మేము తేలికగా త్రోసివేయము. ఒకని మురికిని మరియొకనిచేత ఎత్తించుట దాస్యము. ఎవని మురికిని వాడే ఎత్తుకొనుట స్వాతంత్ర్యము. ప్రతివాడును తనది తాను ఎత్తుకొను ఊరిలో, ఎత్తుటకే పుట్టినవాడు అను మాటకు చోటుండదు. చూడక పారవేయువాడు, తాను ఎట్టివాడైనను, తనకంటె తక్కువవాడు ఒకడు కావలెనని కోరుచున్నాడు. ఆ బాధ ఎరిగిన ఇండ్లలో పుట్టిన మనము ఆ కోరికను హృదయములో ఉంచుకొనవచ్చునా?

తెల్లవారుజామున పంచాయితీ బండితో వచ్చు స్త్రీని తలంచుకొనుడి. మనము తడి పొడి కలిపి వేసిన బుట్టలో ఆమె చెయ్యి పెట్టవలెను. అందులో పగిలిన గాజు ఉండును, వాడిన బ్లేడు ఉండును. పిల్లలు కేకవేసి, "చెత్తామె వచ్చింది" అందురు. చెత్త మనది, పేరు మాత్రము ఆమెకు పెట్టితిమి. ఆమెను అక్కా అని, పిన్నీ అని పిలుచుట మన పిల్లలకు నేర్పవలెను.

4. గంపలు ఎత్తినవారు

ఇప్పుడు యోహాను 6వ అధ్యాయము తెరువుడి. పురుషులే దాదాపు 5,000 మంది పచ్చిక మీద కూర్చుండి తృప్తిగా తినిరి. మనమైతే అంతటితో ఆశీర్వాదము చెప్పి జనులను పంపివేయుదుము. ప్రభువు అట్లు చేయలేదు. మిగిలిన ముక్కలు వ్యర్థము కాకుండ పోగుచేయుమని ఆజ్ఞాపించెను. ఎవరికి? ఊరిలోని ఏ పనివానికిని కాదు, తన శిష్యులకే. వడ్డించిన చేతులే ఏరెను. పండ్రెండు గంపలు నిండెను. రొట్టెలు విస్తరించుటను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. ఆ పచ్చికలో వంగి ముక్కలు ఏరిన అపొస్తలులను గూర్చి ఎన్ని వింటిమి?

లేవీయకాండములో బలిపీఠపు బూడిదను ఎత్తువాడు యాజకుడే. నారబట్టలు ధరించి బూడిద తీసి, పిమ్మట వేరు బట్టలు కట్టుకొని, దానిని పాళెము వెలుపల పవిత్రమైన చోటికి తానే మోసికొని పోవలెను. బలి అర్పించుట ఎంత సేవయో, బూడిద మోయుట అంత సేవ. దానిని ఎక్కడనైన విసరుటకును వీలులేదు; చోటు కూడ నియమింపబడినది.

నెహెమ్యా దినములలో యెరూషలేము గుమ్మములు కట్టినప్పుడు పెంటగుమ్మము ఎవరి వంతుకు వచ్చెను? పట్టణపు చెత్త వెలుపలికి పోవు ద్వారమది. దానిని బాగుచేసినవాడు రేకాబు కుమారుడగు మల్కీయా. అతడు బేత్‌హక్కెరెము ప్రదేశమునకు అధిపతి. అధికారికి పెంటగుమ్మము తక్కువ పనిగా కనబడలేదు.

అపొస్తలులు, యాజకుడు, అధిపతి: ఈ మువ్వురిలో ఎవరును "ఎవరో ఎత్తుదురు" అనలేదు.

5. మనము చేయదగినవి

మొదటిది, విప్పినవాడే దాచవలెను. చాక్లెట్టు కాగితము జేబులో గాని కొంగున గాని ఇంటివరకు వచ్చినందున బరువు కాదు. సండేస్కూలులో మిఠాయి పంచు ఉపాధ్యాయులు, కాగితములు తిరిగి తీసికొనిన తరువాతనే పాట మొదలుపెట్టవలెను.

రెండవది, అన్నమును కవరులో ముడివేయరాదు. మిగిలినది కుడితితొట్టిలో పోయుడి, లేదా గుంటలో వేయుడి. గుడి ఆవరణములో ఒక గుంట త్రవ్వి, తడి చెత్త మీద ఎప్పటికప్పుడు ఎండాకులను మట్టిని కప్పినయెడల, కొన్ని నెలలలో అది చెట్లకు ఎరువగును.

మూడవది, ప్రేమవిందునకు ఆకు విస్తళ్లు, స్టీలు గ్లాసులు వాడవలెను. ఒక ఏడాది కప్పులకు పెట్టు ఖర్చు కూడబెట్టినయెడల సంఘమునకు సొంత గ్లాసులు సమకూరును. భారత ప్రభుత్వము 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, అలంకారమునకు వాడు థర్మోకోలు మొదలగువాటిని నిషేధించినది. క్రిస్మసు పశువులపాకను గడ్డితో, వెదురుతో కట్టుట మనకు రానిది కాదు గదా!

నాలుగవది, బ్లేడును, గాజుముక్కను కాగితములో చుట్టి వేరుగా ఇయ్యవలెను. తడి ఒక బుట్టలో, పొడి ఒక బుట్టలో ఉంచవలెను. ఇది బండితో వచ్చు అక్క చేతిని కాపాడుట.

అయిదవది, విందు ముగిసిన తరువాత మొదట వంగవలసినవారు కాపరియు, సంఘపెద్దలును, యౌవనస్థులును. స్త్రీలు గిన్నెలు తోముచుండగా పురుషులు బండ్లెక్కి వెళ్లిపోవు ఆచారము మానవలెను. చదువుకొన్న కుమారుడు చీపురు పట్టుట నామోషీ అని తల్లులు అనరాదు.

వచ్చు ప్రేమవిందునాడు నాలుగు గంపలు గుడి వాకిట ఉంచుడి. కడపటి ప్రార్థన అయిన పిమ్మట, మనము కూర్చుండిన చోటును మనము వచ్చినప్పటికంటె శుభ్రముగా చేసి వెళ్లుదము. మరునాడు ఆ దారిని పోవువారు మన పాటలను మరచినను, ఆ నేలను చూతురు.

కూటములో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన గుడి విందులలో మిగిలిన చెత్త ఇంతవరకు ఎచ్చటికి పోయినది? అది ఎవరి ఇంటికి దగ్గర?

2. మన ఇంటిలో చెత్త ఎత్తువారు ఎవరు? వారే ఎందుకు?

3. పంచాయితీ బండితో వచ్చువారి పేరు మనలో ఎందరికి తెలియును?

4. వచ్చు విందునకు ఏ వస్తువును కొనుట మానుదుము? దానికి బదులు ఏమి వాడుదుము?