ప్యాకేజీలో ఇన్సూరెన్స్ ఉందన్నారా? పాలసీ కాగితం చూపించమనండి

అమెరికాలోని ఫ్రిస్కో హనుమాన్ గుడిలో ఈమధ్య ఒక జంట పరిచయమైంది. హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ నుంచి కొత్తగా వచ్చారు. పిల్లల కోసం జూబ్లీహిల్స్‌లో సరోగసీకి మాట్లాడుకున్నామని, ఇన్సూరెన్స్‌తో సహా అన్నీ క్లినిక్ వాళ్లే చూసుకుంటారని ఆ అమ్మాయి నిశ్చింతగా చెప్పింది. ఇదే మాట అంతకుముందు ఇంకొందరి నోటా విన్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

కొత్తగా వచ్చినవాళ్లకి సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా, డ్రైవింగ్ లైసెన్సు పెద్ద కష్టాలు కావు. కాగితాలు సరిగ్గా ఉంటే అయిపోతాయి. అద్దె ఇంటికి క్రెడిట్ హిస్టరీ అడిగితే అదనంగా డిపాజిట్ కడతామనండి.

హెల్త్ ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం ఆగండి. మీ కంపెనీ ఇచ్చే పాలసీ మీకు, మీ ఇంటివాళ్లకి. హైదరాబాద్‌లో మీ బిడ్డను మోసే ఆవిడకి అది అక్కరకు రాదు. కొన్ని కంపెనీలు సరోగసీ ఖర్చులో కొంత తిరిగి ఇస్తాయి, హెచ్‌ఆర్‌ని అడగండి. ఆ డబ్బు మీకు వస్తుంది. ఆమె ఆసుపత్రి బిల్లుకి అది పూచీ కాదు.

"సినిమావాళ్లకి ఎంత తేలిగ్గా అయిపోయిందో చూడండి" అంటారు కొందరు. 2014లో నటి మంచు లక్ష్మి తనకు సరోగసీ ద్వారా పాప పుట్టిందని దాపరికం లేకుండా చెప్పారు. అప్పటికి సరోగసీ చట్టం లేదు. 2017లో బంజారాహిల్స్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రంపై పోలీసులు దాడి చేస్తే, సరోగసీకి మోస్తున్న గర్భిణులు నలభై మందికి పైగా ఒకే చోట కనిపించారు. కాన్పు తర్వాత వాళ్లకేమైనా అయితే దిక్కెవరు? సరోగసీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. డబ్బిచ్చి మోయించుకోవడం ఇప్పుడు నేరం. దంపతులకు మొదటి తప్పుకే అయిదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. మోసే ఆవిడకి పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి. వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. ఆమె పేరు మీద 36 నెలల ఆరోగ్య బీమా మీరే కొనాలి. గర్భంతో వచ్చే ఇబ్బందులకూ, కాన్పు తర్వాత వచ్చేవాటికీ సరిపోయేంత మొత్తం అందులో ఉండాలి. ఆ మేరకు మేజిస్ట్రేట్ ముందు అఫిడవిట్ కూడా ఇవ్వాలి. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లయితే వీటన్నిటికంటే ముందు సరోగసీ బోర్డు సిఫారసు పత్రం తెచ్చుకోవాలి.

మా బిడ్డను మోసింది మా పెద్దమ్మ కూతురు. మా నాన్న, పెదనాన్న స్టూడియోల్లో లైట్‌మన్లు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఒకే గోడకి అటూ ఇటూ పెరిగాం. "ఊరికే ఏడవకే, నేను మోస్తా" అంది అక్క. పైసా అడగలేదు. క్లినిక్ కోఆర్డినేటర్ "ఇన్సూరెన్స్ ప్యాకేజీలోనే ఉంది మేడమ్" అన్నారు. రెండు పేజీల సర్టిఫికెట్ వచ్చింది. నిబంధనల పుస్తకం మాత్రం రాలేదు.

కాన్పయిన రాత్రి అక్కకి రక్తస్రావం ఆగలేదు. ఐసీయూలో పెట్టారు. నాకు ఇక్కడ మధ్యాహ్నం. బావ ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ కాగితం ఇక్కడ చెల్లదంటున్నారు. ముందు డబ్బు కట్టమంటున్నారు" అన్నాడు. క్లెయిమ్ తిరస్కరించిన లేఖలో ఎక్స్‌క్లూజన్ 17, ఎక్స్‌క్లూజన్ 18 అని రాసి ఉంది. మామూలు ఆరోగ్య పాలసీల్లో ఈ రెండు నంబర్లూ మన పాలిట గండాలు. 17 సంతానలేమి చికిత్సలది, సరోగసీని పేరు పెట్టి మరీ తీసేస్తుంది. 18 కాన్పు ఖర్చులను తీసేస్తుంది. అంటే ఏ అవసరానికి కొన్నామో ఆ అవసరమే పాలసీలో లేదు! డబ్బు పంపాం, అక్క కోలుకుంది. భార్య లోపల ఐసీయూలో ఉంటే, బావ బిల్లింగ్ కౌంటర్ ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

కాబట్టి సర్టిఫికెట్ చూసి సంబరపడకండి. పూర్తి పాలసీ పత్రం అడగండి. ఎక్స్‌క్లూజన్ల పేజీ తెరిచి 17, 18 చదవండి. సరోగసీ గర్భానికి, కాన్పు తర్వాతి ఇబ్బందులకు వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉందా? ఎండార్స్‌మెంటు ఉందా? బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ గుర్తింపు ఉన్న బీమా కంపెనీయేనా? వెయిటింగ్ పీరియడ్ ఎంత? కాన్పుకి పరిమితి యాభై వేల దగ్గరే ఆగిపోతుందా? కాన్పు జరిగే ఆసుపత్రిలో క్యాష్‌లెస్ ఉందా? ఏడాది పాలసీ అయితే రెండో ఏడు, మూడో ఏడు రెన్యువల్ ఎవరు కడతారు? బిడ్డను ఎత్తుకుని విమానం ఎక్కాక ఆమె పాలసీ సంగతి ఎవరికీ గుర్తుండదు. గుర్తుపెట్టుకోండి! సెల్‌ఫోన్ కొనడానికి వంద రివ్యూలు చదువుతారు, మనిషి ప్రాణానికి పది పేజీలు చదవలేరా? నామినీగా ఆమె భర్తో పిల్లలో ఉండాలి, మీరు కాదు. ఫోన్‌లో ఏజెంటు ఇచ్చిన మాటకి విలువ లేదు, బీమా కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి. మళ్లీ చెబుతున్నాను, రాయించుకోండి.

ఆ తొమ్మిది నెలలూ అక్క ఆదివారాలు పెద్దమ్మతల్లి గుడికి వెళ్లేది. కోరిక తీరుతుందన్న నమ్మకంతో రూపాయి బిళ్ల నిలబెట్టి, అది నిలబడగానే ఫొటో పంపేది. బోనాల నెలలో గుడి ముందు రద్దీ, డప్పుల చప్పుడు వీడియోలో వినిపించేవి. ఆఫీసు పార్కింగ్‌లో కారులో కూర్చుని అదే పదేపదే చూసేదాన్ని. క్లినిక్‌లో పరీక్షకి వెళ్లిన ప్రతిసారీ ఆమె పక్కన నేనుండాల్సింది, ఉండలేకపోయాను. ఇంత దూరంలో ఉండి ఆమె కోసం నేను చేయగలిగిన పని ఆ పాలసీని సరిగ్గా కొనడమే. మీరూ దూరంలోనే ఉన్నారు, మీ చేతిలో ఉన్నదీ అదే.

బిడ్డ సంగతికొస్తే, ఉద్యోగం తరఫు పాలసీలో పేరు చేర్చడానికి చాలాచోట్ల పుట్టిన రోజు నుంచి 30 రోజులే గడువు. హైదరాబాద్‌లో ఉండగానే హెచ్‌ఆర్‌కి రాయండి.

ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ ఎప్పుడని క్లినిక్‌ని అడిగే ముందు ఆమె పాలసీ పత్రం అడగండి. అది మీ చేతికి వచ్చి, మీరు చదివి, ఆమెకీ ఆమె భర్తకీ తెలుగులో చదివి వినిపించేదాకా ఆ తేదీ వాయిదా వేయించండి.