తనిఖీ – సైరను – పౌరుని హక్కు

మేడ్చల్ మీదుగా నాగపూరు వైపు సాగిపోవు 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగరుకు పోవు రాజీవ్ రహదారి, ఈ రెండును హైదరాబాదు నగరమునకు ఉత్తర ద్వారముల వంటివి. ఔటర్ రింగు రోడ్డు ఈ రెండింటిని కలుపుచున్నది. కళాశాలలకు వచ్చు విద్యార్థులు, కర్మాగారముల కార్మికులు, కూరగాయల బండ్లు, లారీలు, అంబులెన్సులు అన్నింటికిని ఈ దారులే ఆధారము. ఇట్టిచోట పోలీసు తనిఖీ తప్పదు. ఉండుట మేలు కూడ. కాని తనిఖీ చేయువారి అధికారము ఎంతవరకు, చేయించుకొనువారి హక్కు ఎంతవరకు అను సంగతి మనలో పలువురకు తెలియదు. తెలియని చోట ఒకవైపు భయము, మరియొకవైపు దబాయింపు పెరుగును.

ఒక విశేషమును గమనింపుడు. తనిఖీ, రసీదు, జప్తు, జుల్మానా, ఫిర్యాదు, హక్కు అను ఈ మాటలన్నియు ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చి స్థిరపడినవే. రెండు భాషలవారికిని ఇవి ఉమ్మడి ఆస్తి. కనుక ఈ పాఠమును ఆ మాటల వరుసనే చెప్పుకొందము.

తనిఖీ: మనకు ఆధారము 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ఇది 1989 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. దీని 130వ సెక్షను ప్రకారము, యూనిఫారములో ఉన్న పోలీసు అధికారి అడిగినప్పుడు చోదకుడు లైసెన్సు చూపవలెను. "యూనిఫారములో ఉన్న" అను మాట అలంకారమునకు చేర్చినది కాదు. అడుగువాడెవడో పౌరునకు తెలియవలెననుటయే దాని భావము. రిజిస్ట్రేషను, బీమా మొదలగు పత్రములను గురించి 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములలో 139వ నియమము చెప్పుచున్నది. 2018లో చేసిన సవరణ వలన వీనిని డిజీలాకరు వంటి ఎలక్ట్రానిక్ రూపమున చూపినను చెల్లును. పత్రము వెంట లేనిచో ధ్రువీకరించిన నకలును 15 దినములలో సమర్పించు అవకాశమును కూడ ఆ నియమము కల్పించినది.

రసీదు: తగిన కారణముండి అధికారి లైసెన్సును స్వాధీనము చేసుకొన్నచో, 206వ సెక్షను ప్రకారము తాత్కాలిక రసీదు ఇచ్చి తీరవలెను. కొన్ని సందర్భములలో ఆ రసీదే తాత్కాలికముగా లైసెన్సుగా పనిచేయును. రసీదు లేకుండ లైసెన్సు జేబులో వేసుకొనుట చట్టసమ్మతము కాదు.

జప్తు: వాహనమును నిలిపియుంచు అధికారము 207వ సెక్షనులో ఉన్నది. లైసెన్సు లేకుండ నడుపుట, రిజిస్ట్రేషను లేకుండుట, అవసరమైన పర్మిటు లేకుండుట వంటి కారణములకే అది పరిమితము. సైకిలు మోటారు తాళపుచెవిని గుంజుకొను అధికారము ఈ చట్టములో ఎచ్చటను చెప్పబడలేదు. పరీక్షకు పోవుచున్న విద్యార్థి చేతిలోని తాళపుచెవి పోయినచో ఒక సంవత్సరపు చదువే పోవచ్చును. ఇది చిన్న విషయము కాదు.

మద్యము సేవించి నడుపుట మాత్రము ఘోరమైన నేరము. నూరు మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యమున్నచో 185వ సెక్షను వర్తించును. అయినను అరెస్టు చేసిన రెండు గంటలలోపల వైద్యపరీక్ష జరిపింపనిచో నిందితుని విడువవలెనని 202వ సెక్షను చెప్పుచున్నది. 2021లో తెలంగాణ హైకోర్టు ఇట్టి కేసులలో వాహనమును గురించి స్పష్టమైన ఆదేశములిచ్చినది. మద్యము సేవించని, లైసెన్సు కలిగిన తోడివాడున్నచో వాహనమును అతనికి అప్పగింపవలెను. లేనిచో బంధుమిత్రులకు కబురు పంపవలెను. ఎవరును రానప్పుడే సురక్షిత స్థలమునకు తరలింపవలెను. తప్పు చేసినవానికి సైతము హక్కులుండుననుటకు ఇది నిదర్శనము.

జుల్మానా: అక్కడికక్కడే జుల్మానా తీసికొని కేసును ముగించు అధికారము 200వ సెక్షను క్రింద ప్రభుత్వము నియమించిన అధికారులకే కలదు. చలాను లేని చెల్లింపు జుల్మానా కాదు, లంచము. ఇచ్చినవాడును అందులో భాగస్వామియే. నేరము చేయలేదని నమ్మినవాడు న్యాయస్థానములోనే వాదించుకొనవచ్చును.

ఇక సైరను సంగతి. 119వ నియమము ప్రకారము పలు స్వరముల హారనును గాని, కర్కశముగా, భయము గొలుపునట్లు మ్రోగు పరికరమును గాని వాహనమునకు అమర్చరాదు. అంబులెన్సులు, అగ్నిమాపక శకటములు, విధి నిర్వహణలోని పోలీసు వాహనములు మొదలగు కొన్నింటికి మాత్రమే మినహాయింపు కలదు. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎర్రదీపముల, ఇట్టి హారనుల దుర్వినియోగమును అరికట్టవలెనని ఆదేశించినది. 2017 మే 1 నుండి మంత్రుల కార్లమీది ఎర్రదీపములును తొలగినవి. దీపము తొలగినను సైరను మోజు మాత్రము కొందరిలో తొలగలేదు.

ఇందలి నష్టమేమి? 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైనది. దానిని ఆరంభించిన సంస్థ ప్రాంగణము మన మేడ్చల్ దారిలో దేవరయాంజాల్ వద్దనే ఉన్నది. ఆ బండికి దారి ఇవ్వకుండుట 194-ఇ సెక్షను క్రింద నేరము. కాని హోదా చూపుటకు ప్రతి కారును సైరను మ్రోగించినచో జనము దానిని లెక్కచేయుట మానివేయుదురు. "నాన్నా పులి" కథలో పిల్లవాడు తన అబద్ధమునకు తానే బలియైనాడు. ఇక్కడ అబద్ధపు సైరను మ్రోగించువాడు ఒకడు, దాని ఫలితమును అనుభవించువాడు అంబులెన్సులో పడుకొన్న మరియొకడు.

ఫిర్యాదు: అన్యాయము జరిగినచో రోడ్డుమీద కలహింపరాదు. అధికారి పేరు, హోదా, స్థలము, సమయము వ్రాసికొని పై అధికారికి లిఖితపూర్వకముగా తెలుపవలెను. ఉచిత న్యాయసహాయమునకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కలదు. ఆపుమన్నప్పుడు ఆగుట, మర్యాదగా బదులు చెప్పుట మన విధి. విధిని నెరవేర్చినవాని నోట హక్కు అను మాటకు బలము కలుగును.

1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే ఉన్నది. దాని ప్రాంగణములో బోధింపబడు చట్టము దాని ముందరి రహదారిమీద కూడ నడువవలెను. అట్లు నడిపింపవలసినవారు పోలీసులు మాత్రమే కాదు. లైసెన్సును, రసీదును, మర్యాదను వెంట ఉంచుకొను విద్యార్థులు కూడ.