బండి పటాకీలా పేలుతోందా? స్లోలో నిలబడటం లేదా?

ఈ వారం పాఠం పురుగుల గురించి కాదు, ఆకు మోసే, గూళ్లు మోసే బండి గురించి. మన జిగణి, ఆనేకల్లు పల్లెల్లో చాలామంది ఇంకా పాత కార్బొరేటర్ బండ్లే నడుపుతున్నాం. 2020 ఏప్రిల్లో బీఎస్-6 నియమం వచ్చాక కొత్త బండ్లు ఎక్కువగా ఇంజెక్షన్‌వి. ఈ పాఠం పాత బండ్లకు మాత్రమే.

బండి చెడితే మనకు నష్టం ఎంతో తెలిసిందే. పురుగుల్ని చంద్రికల మీద వేసిన ఇంచుమించు రెండు వారాలకు గూడు చీల్చుకుని రెక్కల పురుగు బయటికొస్తుంది. ఆ గూటి నుంచి దారం తీయలేరు. ఐదారు రోజులకు గూళ్లు విడిపించాక రోజురోజుకీ తూకం కూడా తగ్గుతుంది. అలాంటప్పుడు రామనగర మార్కెట్టుకు పోయే దారిలో హారోహళ్ళి దగ్గర బండి ఆగితే ఆ దెబ్బ మన జేబుకే.

ముందు లోపల జరిగేది తెలుసుకుందాం

ఒక వంతు పెట్రోలుకు తూకంలో 15 వంతుల గాలి కలిస్తే ఇంజను చక్కగా మండుతుంది. గాలి ఎక్కువైతే లీన్, పెట్రోలు ఎక్కువైతే రిచ్ అంటారు. స్లోలో ఉన్నప్పుడు పెట్రోలు పైలట్ జెట్ నుంచి వస్తుంది. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే చెత్త పడితే మొదట చెడేది స్లోనే. వేగంలో పని చేసేది మెయిన్ జెట్. కాబట్టి పరుగులో బాగుండి స్లోలో మాత్రమే ఆగిపోతే పైలట్ జెట్టో, గాలి లీకో అనుకోవాలి. అన్ని వేగాల్లోనూ మిస్సింగ్ ఉంటే ప్లగ్గు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు పైపు చూడాలి.

1. శబ్దం ఎక్కడ? యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్లో పేలితే, మండకుండా మిగిలిన పెట్రోలు అక్కడి వేడికి మండుతున్నట్టు. దానికి కారణం లీన్ కావచ్చు, ప్లగ్గు సరిగ్గా మండకపోవడం కావచ్చు, సైలెన్సర్ జాయింటు గాస్కెట్ పోయి బయటి గాలి చేరడం కావచ్చు. కార్బొరేటర్ వైపు నుంచి ఫట్‌మంటే బాగా లీన్ అయినా అయి ఉండాలి, వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా, టైమింగ్ తప్పినా అయి ఉండాలి.

2. చోక్ పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు. ఇంజను బాగా వేడెక్కాక స్లోలో పెట్టి చోక్ సగం వేయండి. ఇంజను కుదురుకుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం, లీన్. ఇంకా ఉక్కిరిబిక్కిరై ఆగిపోబోతే రిచ్. అప్పుడు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా, చోక్ పూర్తిగా వెనక్కి వస్తోందా, ఫ్లోట్ నీడిల్ లీకవుతోందా చూడండి. జిగణిలో గ్రానైటు కోసే యూనిట్ల దుమ్ముకు ఫిల్టర్లు తొందరగా నిండుతాయి. ఫిల్టర్ తీసేసి మాత్రం నడపొద్దు. దుమ్ము పిస్టన్ను అరగదీస్తుంది, కార్బొరేటర్ నుంచి మంట బయటికి తన్నే ప్రమాదమూ ఉంది.

3. ప్లగ్గు రంగు. ఇంజను చల్లారాక విప్పండి. లేత ఇటుక రంగు ఉంటే మంచిది. తెల్లగా ఉంటే లీన్. పొడి మసి ఉంటే రిచ్. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ మండుతోంది, అది మెకానిక్ పని. ప్లగ్గు గ్యాపు బండి పుస్తకంలో చెప్పినంతే పెట్టండి.

4. గాలి లీకు. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు పగులుతుంది, అక్కడి ఓ-రింగ్ గట్టిపడుతుంది. ఇంజను స్లోలో ఉండగా ఆ జాయింటు మీద కొంచెం సబ్బునీళ్లు చల్లండి. శబ్దం మారితే లీకు అక్కడే. ఈ పరీక్షకు పెట్రోలు వాడొద్దు, అంటుకుంటుంది.

5. ఫ్లోట్ గిన్నె. ఇంజను ఆపి, చల్లారాక పెట్రోలు ట్యాపు కట్టేయండి. గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి దించండి. అడుగున నీళ్లు, తుప్పు కనిపిస్తే రోగం దొరికినట్టే. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బర్లకూ మంచిది కాదు, మిశ్రమాన్ని కాస్త లీన్ వైపు లాగుతుంది. బండిని రోజుల తరబడి నిలబెట్టేవాళ్లు ఈ పని ముందు చేయండి.

6. పైలట్ జెట్. క్లీనర్ స్ప్రే, కంప్రెసర్ గాలి చాలు. ఇనుప తీగతో పొడవొద్దు. జెట్ ఇత్తడి, రంధ్రం పెద్దదైతే మళ్లీ పాతలా కాదు.

7. స్క్రూలు చివర. పైవన్నీ అయ్యాకే మిక్స్చర్ స్క్రూ ముట్టండి. మెల్లగా మూసి, ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకుని, మళ్లీ అంతే తెరవండి. వేడి ఇంజనులో పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ స్లో ఎక్కువగా, నిలకడగా ఉన్నచోట ఆపండి. తర్వాత స్లో స్క్రూతో వేగం తగ్గించండి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. షెడ్డులో పురుగు ఆకు తినకపోతే ఆకు, వేడి, తేమ ఒక్కొక్కటీ చూస్తాం కదా, ఇదీ అంతే. అన్నీ ఒకేసారి విప్పితే ఏది బాగు చేసిందో తెలియదు. ఏడు మెట్లూ అయినా పేలుతుంటే వాల్వు గ్యాపు, సీడీఐ, కాయిల్ చూపించడానికి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. మీరు ఏమేం చూశారో చెబితే అతనికి సగం పని తగ్గుతుంది.

ముఖ్యమైన మాట: ఈ పనంతా షెడ్డుకు, ఆకు గదికి దూరంగా చేయండి. పెట్రోలు చేతులతో ఆకు ముట్టొద్దు, సబ్బుతో కడుక్కుని బట్టలు మార్చుకునే లోపలికి వెళ్లండి. ఇదంతా పురుగులు జ్వరంలో ఉన్న రోజున పెట్టుకుంటే మంచిది, ఆ రోజు ఆకు కోసే పని ఉండదు. గూళ్లు విడిపించే రోజు దాకా ఆగొద్దు.

మీ ప్లగ్గు ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, రంగు చూసి అందరం కలిసి మాట్లాడుకుందాం.