నూరు నైరాల ఖర్చులో తిండికెంత?

ఏంగెల్ సూత్రం గురించి ప్రశ్న వస్తే మన పిల్లలు రెండు వాక్యాలు బట్టీపట్టి రాసేస్తారు. దాన్ని ఒక దేశపు లెక్కలకు అన్వయించి చూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది. ఆఫ్రికాలో అత్యధిక జనాభా ఉన్న నైజీరియాను తీసుకుందాం. అక్కడి కరెన్సీ నైరా.

సూత్రం: ఆదాయం పెరిగేకొద్దీ మొత్తం ఖర్చులో తిండి వాటా తగ్గుతుంది. జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఏంగెల్ 1857లో ఈ మాట చెప్పాడు.

లెక్క: నైజీరియా జాతీయ గణాంక సంస్థ సర్వే ప్రకారం 2009-10లో కుటుంబాల మొత్తం ఖర్చు సుమారు 21.6 లక్షల కోట్ల నైరాలు. అందులో తిండి వాటా దాదాపు 65 శాతం. 2018-19 సర్వే నాటికి ఖర్చు సుమారు 40.2 లక్షల కోట్లకు చేరింది, తిండి వాటా దాదాపు 57 శాతానికి దిగింది. పెండలం, కర్రపెండలం, బియ్యం, బయట తినే భోజనం అన్నీ ఇందులోనివే. విద్య, వైద్యం, రవాణాలకు నూటికి ఒక్కొక్కదానికి సుమారు 6 నైరాలు.

తిండి వాటా తగ్గింది కాబట్టి కుటుంబాలు బాగుపడ్డాయని రాయవచ్చా? తొందరపడకండి.

1. ఖర్చు 21.6 నుంచి 40.2కు పెరిగింది. అంటే 100 ఉన్నది 186 అయింది.
2. ఆ కాలంలో ధరలు రెట్టింపుకు మించి పెరిగాయి. తక్కువలో తక్కువ 100 ఉన్నవి 200 అయ్యాయనుకుందాం.
3. 186ను 200తో భాగించి 100తో హెచ్చిస్తే 93.

అంటే నైరాలు పెరిగాయి గాని, వాటితో కొన్న సరుకు పెరగలేదు. పైగా జనాభా కూడా పెరిగింది కాబట్టి తలసరి ఇంకా తగ్గింది. అద్దె, బస్సు చార్జీలు, మందులు తప్పనిసరై, చవక తిండితో సరిపెట్టుకున్నా తిండి వాటా తగ్గుతుంది. కాబట్టి శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, ధరలు కూడా చూడాలి.

తర్వాత ఏమైంది? 2023 మే నెలాఖరులో ప్రభుత్వం పెట్రోలు సబ్సిడీ ఎత్తివేసింది. జూన్‌లో నైరా మారకపు విలువపై నియంత్రణ సడలించడంతో దాని విలువ పడిపోయింది. 2024 డిసెంబరులో ద్రవ్యోల్బణం 34.8 శాతం. తిండి, బస్సు చార్జీలు ఒక్కసారిగా పెరిగితే ఇంటివాళ్లు ఏది తగ్గించగలరు? ఆకలి వాయిదా వేయలేరు. మొదట కోత పడే ప్రమాదం చదువుకు పెట్టే ఆ 6 నైరాలకే.

బ్యాంకులో ఉన్నన్నాళ్లూ నేను ఖాతాలో నిల్వను చూశాను గాని, ఆ నిల్వతో ఎంత సరుకు వస్తుందో చూడలేదు. ఇంటి లెక్కలో చూడవలసింది అదే.

అభ్యాసం: అమ్మానాన్నలతో కూర్చుని ఒక నెల ఖర్చు రాయండి. తిండి, అద్దె, రవాణా, వైద్యం, చదువు అని విడదీసి శాతాలు కట్టండి. వచ్చే ఏడాది అదే నెలలో మళ్లీ రాసి, కిలో బియ్యం ధర పక్కన పెట్టి పోల్చండి. తల్లిదండ్రులకు ఒక్క మనవి: చదువు పద్దును నెల మొదట్లోనే పక్కన పెట్టండి.