పొదుపు పుస్తకం – ఆడపిల్ల చదువు

పేదరికం అంటే చేతిలో డబ్బు లేకపోవడం ఒక్కటే కాదు. కష్టపడి తెచ్చిన డబ్బు మీద, ఇంటి నిర్ణయాల మీద తన మాట చెల్లకపోవడం కూడా పేదరికమే. మన పల్లెల్లో దళిత, సుగాలి, భూమి లేని కుటుంబాల స్త్రీలు ఈ రెండింటినీ అనుభవిస్తున్నారు.

మన తనకల్లు మండలం 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అంతకుముందు అనంతపురం జిల్లాలో ఉండేది. ఆ ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లే. వేరుశనగ విత్తడానికి అప్పు చేస్తారు. వాన రాకపోతే పంట పోతుంది, వడ్డీ మిగులుతుంది. తల్లిదండ్రులు బెంగళూరుకు వలస వెళితే చంటిపిల్లల్ని చూసుకోవడానికి ముందుగా బడి మానేది ఆడపిల్లే. అందుచేత ఇంటి అప్పు, ఆడపిల్ల చదువు వేరు వేరు సమస్యలు కావు.

వడ్డీ లెక్క

నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తెస్తే ఏడాదికి వడ్డీ 3,600 రూపాయలు. అదే సొమ్ము పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 1,200 రూపాయలే. మిగిలిన 2,400 రూపాయలు ఆ ఇంటి ఆడపిల్ల బట్టలకు, పుస్తకాలకు, ప్రయాణ ఖర్చులకు ఆసరా అవుతాయి.

సంఘాలు ఎలా వచ్చాయి?

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు, అక్షరాస్యత తరగతుల స్ఫూర్తితో సారాపై ఉద్యమించారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ జిల్లాలోనే రోజుకు ఒక రూపాయి దాచే పొదుపు ఉద్యమం పెరిగింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) పొదుపు సంఘాలను గ్రామైక్య సంఘాలుగా, మండల సమాఖ్యలుగా కలిపింది. మన జిల్లాలోని చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో మహిళలే పొదుపు సహకార సంఘాలు నడుపుకున్నారు.

జాగ్రత్త కూడా అవసరం

అప్పు దొరకడమే సాధికారత కాదు. సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్ల ఒత్తిడికి ఎన్నో కుటుంబాలు నలిగిపోవడంతో 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. మహిళ పేరున అప్పు తీసి, ఆ డబ్బు వేరేవారు ఖర్చు పెడితే ఆమెకు మిగిలేది వాయిదా మాత్రమే. అందుకే సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏముందో ఆమెకు తెలియాలి.

ఆస్తి విషయమూ అంతే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. ఈ సంగతి తెలియక హక్కు వదులుకునేవారు ఇంకా ఉన్నారు.

మనం చేయగలిగినవి

1. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పాసుపుస్తకం చదివి, పొదుపు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నది ఆమెకు వివరించాలి.
2. వేలిముద్ర వేసే అమ్మకు, అవ్వకు సంతకం, అంకెలు నేర్పాలి.
3. సంఘం సమావేశంలో తీర్మానాన్ని అందరికీ వినిపించేలా చదివిపెట్టాలి.
4. 18 ఏళ్లు నిండని అమ్మాయికి పెళ్లి తలపెడితే 1098కి ఫోన్ చేయాలి.

వసతిగృహంలో చదువుకుంటున్న మన చాలామంది ఇళ్లలో ఒక పేజీ చదివి అర్థం చెప్పగల మొదటి మనిషి మనమే. ఆ పని మగపిల్లలది కూడా. మిత్రులారా, ఈ సెలవుల్లోనే మొదలుపెడదాం.