కిరాయి ఇంట్లో కుక్కపిల్ల

బిడ్డా,

భూపాలపల్లిలో ఉద్యోగం వచ్చిందని, జనగామ ఇల్లు ఖాళీ చేసి అక్కడ అపార్టుమెంటులో దిగబోతున్నానని, దిగగానే కుక్కపిల్లను తెచ్చుకుంటానని రాశావు. పశువైద్యశాలలో పనిచేసి రిటైరైన మేనమామగా చెప్తున్నా, ముందు ఓనర్ సమ్మతి కాగితం మీద తీసుకో. కుక్కపిల్ల సంగతి ఆ తర్వాతే.

కుక్కను పెంచొద్దనే హక్కు ఎవరికీ లేదని నీ స్నేహితులు అన్నారట. అందులో సగమే నిజం. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, అపార్టుమెంటు సంఘం అందరినీ కూడగట్టి తీర్మానం చేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించలేదు, లిఫ్టు ఎక్కనివ్వమనీ అనలేదు. అయితే ఇది సంఘానికి చెప్పిన మాట. ఇల్లు నీకిచ్చిన మనిషి సంగతి వేరు, కిరాయిదారుకు ఆయన ఒప్పుదల ఉండాలి. 1960 నాటి మన అద్దె నియంత్రణ చట్టంలో కూడా, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక కారణం. కోర్టుదాకా పోయే పనే ఉండకపోవచ్చు, పదకొండు నెలల అగ్రిమెంటు తీరగానే మళ్లీ రాయనంటే చాలు. అందుకని అగ్రిమెంటులోనే రాయించు: ఏ రకం కుక్క, ఎంత పెద్దది, తలుపులు గీకితే అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారు. ఈరోజు సరేనన్న పెద్దాయన రేపు కొడుకు దగ్గరికి వెళ్లిపోతే, ఇల్లు చూసుకునే అల్లుడికి ఆ నోటిమాట తెలియదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఇల్లు మారేటప్పుడు కుక్కను వదిలేసి వెళ్లినవాళ్లను చాలామందిని చూశాను. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం రాదు. అక్కడి కుక్కలు దాన్ని రానివ్వవు, కరుస్తాయి. పాత ఇంటి గేటు ముందే పడుకుని చిక్కిపోతుంది. ఆకలికి గురయ్యేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షను కింద నేరం. కుక్కను ఎప్పుడూ గొలుసుతో కట్టేసి, తిప్పకుండా ఉంచడం కూడా అదే సెక్షను కింద నేరమే. మొదటిసారి జరిమానా మాత్రం యాభై రూపాయలు దాటదు. ఆ భయానికి ఎవరూ ఆగరు, మన మనసే మనల్ని ఆపాలి.

ఇక ఏ కుక్క అంటావా, నాటు కుక్కపిల్లనే తెచ్చుకో. ఫొటోలు చూసి హస్కీ మీద మనసు పడ్డావని మీ అమ్మ చెప్పింది. అది సైబీరియా మంచులో బండ్లు లాగిన జాతి. నువ్వు వెళ్లేది బొగ్గు గనుల ఊరికి. ఎండాకాలంలో అక్కడ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి, పై అంతస్తు గదిలో రాత్రికి కూడా స్లాబు వేడి దిగదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో కాస్త పడుతుందంతే. వేడి పోయేదంతా నాలుక చాపి రొప్పడంతోనే. పగ్ లాంటి చప్పిముక్కు కుక్కలకు ఆ రొప్పడమూ సరిగ్గా కుదరదు. ఎండదెబ్బ తిన్న ఇలాంటి కుక్కల్ని మధ్యాహ్నం ఆటోలో వేసుకొచ్చేవాళ్లు. కొన్నింటిని కాపాడలేకపోయాం. నాటు కుక్క ఈ ఎండలకు తరతరాలుగా అలవాటుపడింది. దానికైనా నీడా, నీళ్లూ తప్పవు. ఎండాకాలంలో తెల్లవారకముందు ఒకసారి, పొద్దుగూకి రోడ్డు చల్లారాక ఒకసారి తిప్పు. అరచేయి ఆనించి కాసేపు ఉంచలేని రోడ్డు మీద దాన్ని నడిపించకు.

భూపాలపల్లిలో ఇంకో విషయం ఉంది. సింగరేణి గనుల్లో, చెల్పూరు విద్యుత్ కేంద్రంలో నైట్ షిఫ్టు చేసినవాళ్లు పగలు నిద్రపోతారు. వేరే ఊళ్లో పదకొండు గంటలకు కుక్క మొరిగితే ఎవరూ పట్టించుకోరు, అక్కడ మాత్రం పక్క పోర్షన్‌లో ఒక మనిషి విశ్రాంతి పోతుంది. ఒంటరిగా ఉండటం కుక్కపిల్లకు నేర్పాలి. మొదటి రోజుల్లో తలుపేసి ఐదు నిమిషాలు బయట నిలబడు, తర్వాత పది, తర్వాత అరగంట. అది ఊళపెట్టకముందే లోపలికి రా. నాలుగు నెలల లోపు పిల్ల మూత్రం ఎక్కువసేపు ఆపుకోలేదు, కాబట్టి నీ డ్యూటీ మధ్యలో వచ్చి చూసే మనిషిని ముందే కుదుర్చుకో. నువ్వు జనగామలోనే ఉండి రోజూ రైల్లో హైదరాబాద్ వెళ్లొచ్చే ఉద్యోగమే చేసుంటే, కుక్క వద్దనే చెప్పేవాణ్ని.

టీకాల్లో అశ్రద్ధ చేయకు. పార్వో, డిస్టెంపర్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండాక, ఆపైన డాక్టరు చెప్పినట్టు ఏటేటా. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ రేబిస్ టీకాతో ఒక పిల్లవాడికి చికిత్స మొదలైంది. దాని గుర్తుగా ఏటా ఆ రోజున ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. టీకాల కార్డు ఓనర్‌కూ, పక్కవాళ్లకూ నువ్వే చూపించు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో, అదే ఏడాది మేలో కాజీపేటలో వీధి కుక్కల దాడుల్లో చిన్నపిల్లలు చనిపోయారు. ఆ భయంతో మెట్ల మీద బిడ్డను చంకనెత్తుకుని గోడకు ఒదిగే తల్లి మీద విసుక్కోకు. పట్టీ పొట్టిగా పట్టుకుని, ఆమె దాటేదాకా ఆగు.

రేపు మహబూబాబాద్‌కు బదిలీ అయితే, అడ్వాన్సు ఇవ్వకముందే కుక్క ఉందని చెప్పి ఇల్లు వెతుక్కో. మొదటి ఇద్దరు ఓనర్లు కాదన్నా మూడో ఇంటికి వెళ్లి అడుగు, దాచిపెట్టి మాత్రం చేరకు. పెద్ద జబ్బు చేస్తే వరంగల్ దగ్గరి మామునూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లు.

ఈ ఆదివారం ఓనర్‌తో మాట్లాడు. ఆయన ఒప్పుకుని సంతకం చేస్తే ఫోన్ చెయ్యి, కుక్కపిల్లను చూడటానికి నేనూ వస్తాను. ఒప్పుకోకపోతే ఈ ఏడాదికి ఆగు.

మీ మామ